జూలీ కరవలేదు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరి కొంపా ముంచిన అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ముంచింది. కుక్క కొంపే కావచ్చు, ముంచింది. నా పేరు మీకెందుకు? మార్కాపురంలో ఒక సందులో జాకెట్లు కుట్టుకునే మనిషిని అనుకోండి, చాలు. నోరు పెద్దది, ఓపిక తక్కువ. ఇది రాయడానికి కూర్చుని పొద్దుటి నుంచి మూడుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చాను.

ఎందుకింత కంగారు అంటారా? సాయంత్రం సువార్తమ్మ వస్తుంది. అందుకు.

సువార్తమ్మ మా ఎదురింటి మనిషి. నాకన్నా పదేళ్లు పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఏటా మిరపకాయల కోతలకు గుంటూరు వైపు వెళ్లి, రెండు నెలలు అక్కడే ఉండి వస్తారు వాళ్లు. ఆ ఏడు ఇంటికి తాళం వేసి వెళ్తూ తన కుక్క జూలీని నాకు అప్పగించింది. నిండు చూలుతో ఉందది. పూటకింత అన్నం పెట్టు చాలు అంది. ఇంకెవరినీ అడగలేదు, నన్నే అడిగింది.

ఆమె వెళ్లిన వారానికి జూలీ మా వరండాలో ఐదు పిల్లల్ని పెట్టింది. నాలుగో రోజుకు దాని ఒళ్లు కాలిపోతోంది. చన్నులు ఎర్రగా వాచి గట్టిపడ్డాయి. పిల్లలు నోరు పెడితే మూలిగి పక్కకు జరిగేది. కరవలేదు. గుర్తు పెట్టుకోండి, ఒక్కసారి కూడా కరవలేదు. పశువుల డాక్టరు సూదులు వేశాడు. పాలు చెడిపోయాయి, వారం పాటు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, మేకపాలు పట్టు అన్నాడు. పట్టేటప్పుడు బోర్లా ఉంచాలని, మన బిడ్డల్లా వెల్లకిలా పడుకోబెట్టకూడదని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తల ఊపాను.

సీసా కోసం అటక మీద వెతికితే మా అమ్మాయి చిన్నప్పటి పాలసీసా దొరికింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాకుగా కాదు. సాకేనేమో, మీరే చూసుకోండి. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. వెల్లుల్లి తినమన్నారు, తిన్నాను. మెంతులు తిన్నాను, పచ్చి బొప్పాయి కూర తిన్నాను. పడలేదు. అప్పుడు మా ఆడబిడ్డ వచ్చి సీసా చేతిలోకి తీసుకుంది. నా దగ్గర బిడ్డ ఏడుస్తోందని, పట్టడం నాకు చేతకాదని, ఏడాదంతా తనే పట్టింది. తలుపు అవతల కూర్చుని నా బిడ్డ గుటకలు వేయడం విన్నాను. ఇప్పుడా బిడ్డ ఒంగోలులో నర్సింగ్ చదువుతోంది, నాతో బాగానే ఉంటుంది. అయినా ఆ తలుపు నాకు గుర్తే.

సీసా పాలపీక కుక్కపిల్లల నోటికి పెద్దదైంది. పిల్లల్ని ఇంట్లోకి మార్చి, మొదట్లో సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్క పట్టాను, రెండు గంటలకోసారి. తాగాక తడిగుడ్డతో పొట్ట కింద తుడిస్తే గానీ ఉచ్చ పోసుకునేవి కావు. తల్లి నాకి చేసే పని అది. జాకెట్లన్నీ ఆగిపోయాయి, కుట్టడానికి ఇచ్చినవాళ్లంతా వచ్చి నాలుగు తిట్టి పోయారు. మా ఆయన 'కుక్కల బాలింత' అని ఎగతాళి చేసేవాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికి హాయిగా ఉండేది.

ఐదింట్లో తెల్లది అన్నిటికన్నా చిన్నది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకున్నాను. మరిచిపోయి కాదు. తెలిసే. చంటిబిడ్డలా ఉంటుందని. కొంగు కప్పి, సిరంజి పక్కన పెట్టి, మా అమ్మాయి సీసానే నోట్లో పెట్టాను. నా మొహం చూస్తూ తాగుతుందనుకున్నానా? కళ్లు కూడా తెరవని పిల్ల ఏం చూస్తుంది? రెండు గుటకలు వేసింది. పొలమారింది. ముక్కులోంచి పాలు వచ్చాయి. తలకిందులు చేశాను, వీపు రుద్దాను, నోట్లో ఊదాను. సాయంత్రానికి చల్లబడిపోయింది. మా ఆయన వచ్చేలోగా పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టి చేతులు కడుక్కున్నాను.

వారం తిరిగింది. జూలీకి జ్వరం పోయింది. ఇక పిల్లల్ని వదలొచ్చు అన్నాడు డాక్టరు. వెనక చన్నుల్లో పాలు కూడా దిగాయి. నాకెలా తెలుసంటే, లోపల పిల్లలు కుయ్యిమన్నప్పుడల్లా అది వచ్చి తలుపు బయట నిలబడేది, నిలబడిన చోట బండ మీద తెల్లటి చుక్కలు పడేవి. ఆ చుక్కల్ని గుడ్డ పెట్టి తుడిచాను. తలుపు మాత్రం తీయలేదు. ఈ రోజుకు వద్దు, రేపు వదులుదాం అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. దానికి పాలు పడ్డాయని నాకు కుళ్లు. కుక్క మీద కుళ్లు! నవ్వండి, పర్వాలేదు. తలుపు అవతల కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసినదాన్నే, తలుపు వేసిందీ నేనే. తర్వాత జూలీని తీసుకెళ్లి పెరట్లో గొలుసుతో కట్టేశాను. పది రోజులకు పాలు ఆగిపోయాయి.

సువార్తమ్మ తిరిగొచ్చేసరికి నాలుగు పిల్లలూ నా కాళ్లకు అడ్డం పడుతున్నాయి. పెరట్లో జూలీ గొలుసు లాగుతోంది.

"ఏందమ్మే, తల్లిని ఇట్ల కట్టేసినావు?"

"పిల్లల్ని కరవొస్తాందక్కా." అలా వచ్చేసింది నా నోటికి. అంతటితో ఆగిందా? "ఐదు పెట్టింది. ఒకదాన్ని కరిసి చంపేసింది."

జూలీ వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది సువార్తమ్మ.

"ప్రభువా! మా పాప కాన్పుకొస్తాంది గదా. పసిబిడ్డ పండుకునే ఇంట్లో ఇట్టాంటిదాన్ని ఎట్ల పెట్టుకునేది?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "వీటికి నువ్వేనమ్మే తల్లివి."

ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో! తీసుకున్నాను. వద్దనలేదు.

మాట వెనక్కి తీసుకోవడానికి నాకు మూడు రోజులు దొరికాయి. నాలుగో రోజు పెద్దారవీడు వైపు పోయే గొర్రెల మందవాళ్లకు జూలీని ఇచ్చేసింది సువార్తమ్మ. మా గుమ్మం ముందు నుంచే లాక్కుపోయారు. అది నా వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. మరుసటి ఏడు ఆ మందవాళ్లు కనిపిస్తే అడిగాను. రెండో రోజే తాడు కొరుక్కుని పోయిందన్నారు. ఎటు పోయింది? ఇటే బయల్దేరి ఉంటుందా? దారిలో ఏమైంది? ఆ ఆలోచన వస్తే మిషను తొక్కలేను.

పిల్లలు మూడు తలా ఒక ఇంటికి పోయాయి. ఒకటి నా దగ్గరే పెరిగి ముసలిదైంది, మిషను కింద పడుకుని ఉంది. మా సందులో ఇప్పటికీ ఎవరైనా తమ బిడ్డను నాలుగు బాదితే "జూలీవా ఏందే నువ్వు" అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను, చాలాసార్లు.

నిన్న బస్టాండు దగ్గర లారీ కింద పడి ఒక కుక్క చనిపోయింది. దాని మూడు పిల్లల్ని సువార్తమ్మ బుట్టలో వేసి తెచ్చుకుంది. ఈ పని నా అంత బాగా చేసేవాళ్లు ఊళ్లోనే లేరట. సాయంత్రం తెచ్చి నాకిస్తుందట.

ఈసారి ఒకదాన్ని ఆమె చేతిలోనే పెడతాను. బోర్లా పట్టుకో అక్కా, వెల్లకిలా పెడితే చచ్చిపోతాయి అంటాను. నీకెట్ల తెలుసు అని అడుగుతుంది. అడగకపోతే? అడగకపోయినా చెప్పాలి. చెబుతానో లేదో, నా నోటి మీద నాకే నమ్మకం లేదు. చెబితే ఆమె మళ్లీ నా గడప తొక్కుతుందో లేదో తెలియదు, తొక్కకపోతే తప్పు ఆమెది కాదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

జూలీ కరవలేదు. ఆ పిల్లను చంపింది నేను.

ఈ రెండు ముక్కలు రాశాక ఇంతవరకూ కుర్చీలోంచి లేవలేదు.