కాగితం లేని గండి

ఈ ఉదయం జనగామలో చాయ్ తాగుతూ పేపర్ తిరగేస్తుంటే, సదుద్దేశంతో డ్యూటీ చేసిన ప్రభుత్వోద్యోగిని తన మీద వ్యక్తిగతంగా పడే దావాల నుంచి చట్టం కాపాడుతుందని ఎవరో వకీలు రాసిన వ్యాసం కనబడింది. మిగతా పేపరు చదవబుద్ధి కాలేదు. మా కాక గుర్తొచ్చాడు.

కాక గూడూరు దగ్గర ఒక చెరువుకు లష్కరు. తూము తిప్పడం, కట్ట కాయడం ఆయన కొలువు. అడగకుండానే పనిలో దూరే మనిషి. పక్కింటి పెంకులు కూడా వాళ్లకు చెప్పకుండానే సర్ది, తిట్లు తిని వచ్చేవాడు. ఒక వానకాలం చెరువు పొంగి కట్ట జారసాగింది. కింద తండా. ఫోన్ చేస్తే పై ఆఫీసరు "తెంపు, కాయిదం తర్వాత పంపుత" అన్నాడట. ఆ ఆఫీసులో పనులన్నీ నోటిమాట మీదే నడిచేవి. కాక తండావాళ్లను గుట్టెక్కించి, కట్టను ఒక చివర తెంపాడు. తండా బతికింది గాని, ఒక పటేలు పొలంలో ఇసుక మేటేసింది. ఆయన నష్టపరిహారం కోసం కాక పేరు మీదే దావా వేశాడు. కాగితం రాలేదు, ఆఫీసరుకేమో మతిమరుపు వచ్చింది. ఓడితే ఇల్లు పోతదని చిన్నమ్మ ఏడ్చేది.

మహబూబాబాద్ కోర్టుకు తండా మొత్తం ట్రాక్టరెక్కి వచ్చింది. కాకను ఎట్లాగైనా కాపాడాలనే ఆరాటంలో తండా పెద్ద సాక్ష్యమిచ్చాడు: "కాక ముట్టనే లేదు సారూ, మేమే తెంపినం."

కాక లేచి నిలబడ్డాడు. "అబద్ధం సారూ. నేనే తెంపిన. గీళ్ల మీద కేసు పెట్టకుండ్రి."

కాక తరఫున వాదిస్తున్న సర్కారు వకీలు తల పట్టుకున్నాడు. చివరికి ఆ నిజమే పనికొచ్చింది. ప్రాణాలు కాపాడటానికి డ్యూటీలో చేసిన పనికి సొంత బాధ్యత ఉండదని, మూడేళ్లకు జడ్జి దావా కొట్టేశాడు. ఆ రోజు మా ఇంట్లో అందరం ఏడ్చాం.

మరుసటి వానకాలం తండా పెద్ద తడుస్తూ వచ్చాడు. "కట్ట కారుతున్నది, జర వచ్చి చూడు కాకా."

కాక మంచం మీద నుంచి లేవలేదు. "సారును కాయిదం ఇయ్యమను. వస్త."

వాన తెరిపిచ్చింది గనక సరిపోయింది. ఇప్పుడాయన రిటైరయ్యాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు, వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. అయినా, ఎవరూ పిలవకముందే పార పట్టుకొని వానలోకి ఉరికే కాక మీద నాకు బెంగ తీరదు. కోర్టు కేసును కొట్టేసింది గాని, ఆ మనిషిని మాత్రం మాకు తిరిగి అప్పజెప్పలేదు.