ఛార్జరు పిన్ను మీద చెయ్యి

నేను పాడుచేసిన వస్తువుకి, బాగుచేసేవారి దగ్గరే డబ్బు రాబట్టిన మొనగాణ్ణి నేను. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల కొట్లో పెరిగానాయె.

విండోస్‌కి డబ్బు దండగని లైనక్స్ వేయించుకున్నాను. అందుకే, మామూలుగా విండోస్‌లోంచి ఎక్కే బయోస్ అప్‌డేట్‌ని, అంటే లాప్‌టాప్‌ని లేపే మూల ప్రోగ్రాం కొత్తదాన్ని, ఏలూరు మెకానిక్‌గారు మూడొందలు తీసుకుని పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించారు. అయ్యేదాకా ఛార్జరు పిన్ను మీద చెయ్యి తీయలేదు.

"మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టేనండీ. మీ బ్యాటరీ నిలవట్లేదు, ముందది మార్పించండి," అన్నారు.

మార్పించలేదు. రెండో అప్‌డేట్‌కి ఆయనకిచ్చే మూడొందలు మిగులుతాయని మా కొట్లో నేనే మొదలెట్టాను. సగంలో కరెంటు పోయింది. లాప్‌టాప్ మళ్ళీ లేవలేదు.

పట్టుకెళ్ళి, "మీరు చేసినప్పటి నుంచే తేడాగా ఉందండీ," అన్నాను.

ఆయన వారం రోజులు కుస్తీ పట్టినా అది లేవకపోయేసరికి, పాత మూడొందలూ తిరిగి నా చేతిలో పెట్టారు.

"నా చేతిలోనే ఏదో పొరపాటు జరిగుంటుందండీ. ఇక ఈ పని ఒప్పుకోను, ఏమనుకోకండి."

నిజం చెబుదామని మొన్న వెళ్తే గుమ్మంలో ఆయన భార్య ఉన్నారు. ఆ లాప్‌టాప్ తెచ్చింది నేనేనని చెప్పాను.

"ఆయన పోయి నెలైందండీ. ఎక్కడ తప్పు చేశానోనని మీ లాప్‌టాప్ సంగతే అంటుండేవారు."

ఆమెకు అంతా చెప్పాను. బోర్డు పాడుచేసింది నేను, తప్పు మోసింది ఆయన, మూడొందలు తీసుకున్నది నేను.