బాపు ఒప్పుకున్న తప్పు

ఆ క్షమాపణ ఉత్తరం రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. చివరికి చెబితే ఇన్నాళ్లూ దాచినట్టుంటుంది, దాచాను కూడా.

మాది కాగజ్‌నగర్. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు పేపర్ మిల్లులో కాగితాలు లెక్కపెట్టే పని చేసేవాడు. కట్ట అంచును విసనకర్రలా విప్పి, బొటనవేలితో మూలలు జార్చుకుంటూ, ఎవరితోనో మాట్లాడుతూ కూడా ఒక్క కాగితం తప్పు పోకుండా లెక్క చెప్పేవాడు. మిల్లు మూతపడేనాటికి ఆయనకు యాభై నిండలేదు. ఆ ఏడు మా క్వార్టర్ల లైన్లో చాలామంది మగవాళ్లు గుడుంబాకు అలవాటుపడ్డారు. అందుకే బాపు నడక తూలడం మొదలైనప్పుడు మాలో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. చేతిలోంచి గ్లాసు జారేది. మాట ముద్దగా వచ్చేది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి అన్నం పళ్లెం విసిరేసేవాడు, గంట తర్వాత ఏమీ జరగనట్టు కూర్చునేవాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మా బాపు ఆ పాలు కూడా తాగలేదు పాపం.

వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు. మంచం మీద ఖాళీగా కూర్చున్నా బొటనవేలు చూపుడువేలి మీద జారుతూనే ఉండేది. "మిల్లు వోయినా లెక్క వోలే" అని తమ్ముడు నవ్వేవాడు. నేనూ నవ్వాను.

"నేను తాగుతలేను" అని బాపు ఎన్నోసార్లు చెప్పాడు. అవ్వ ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి చూసేది. వాసన రాకపోతే "యాలక్కాయ నమిలిండు" అనేది. ఇక ఆ మనిషి ఏం చెప్పుకుంటాడు?

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. తాగే మనిషిని ప్రభు బల్లకు రానివ్వరు, అంటే నెలకోసారి పంచే రొట్టె, ద్రాక్షారసం అతనికి ఇవ్వరు. మళ్లీ రావాలంటే క్షమాపణ ఉత్తరం రాసుకుని, సంఘం ముందు నిలబడి చదవాలి. బాపు పదిహేనేళ్లు కానుకల పళ్లెం పట్టిన మనిషి. ఒక ఆదివారం ద్రాక్షారసం ఆయన చేతిలోంచి తెల్ల గుడ్డ మీద ఒలికింది. పెద్దలు ఆయన్ను ఆపేశారు. ఎనిమిది నెలలు చివరి బెంచీలో కూర్చున్నాడు. అవ్వ ఆయనతో మాట్లాడటం మానేసి, మంచం వరండాలో వేసింది.

అప్పటికి నేను కరీంనగర్‌లో టీచరుగా కొత్తగా చేరాను. సెలవులకు వచ్చి బాపును కూర్చోబెట్టి దులిపేశాను. నా నోరు మొదటినుంచీ మంచిది కాదు.

"తప్పయిందని ఒక్కసారి ఒప్పుకో బాపు. అవ్వ మొఖం చూడు. జర మా మొఖం గూడ చూడు."

"ఒప్పుకుంటే మీ అవ్వ మాట్లాడ్తదా?" అని అడిగాడు.

మాట్లాడుతుందన్నాను.

"అయితే నువ్వే రాయి బిడ్డా. నాకు పెన్ను నిలుస్తలేదు."

రాశాను. 'నేను తాగుడుకు బానిసనై నా కుటుంబాన్ని బాధపెట్టాను' అని, గుండ్రటి అక్షరాలతో, పిల్లలకు బోర్డు మీద రాసినట్టు. బాపు సంతకం చేస్తే గీత కాగితం దాటి కింద ఉన్న పుస్తకం అట్ట మీదికి పోయింది. ఆ ఆదివారం నిలబడి చదివాడు. అవ్వ ఏడ్చింది, ఇంటికొచ్చి తన చేత్తో వడ్డించింది. ఆ పూట బాపు మారు అడిగి వేయించుకుని మరీ తిన్నాడు.

నెల తిరిగేసరికి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. దేవుని ముందు మాటిచ్చి తప్పాడని అవ్వ ఈసారి పళ్లెం కూడా వేరు చేసి వరండా గోడ మీద పెట్టింది. నేను ఆయనకు ఫోన్ చేయడం మానేశాను. రానురాను మెతుకు మింగుడుపడక చిక్కి శల్యమై, మిల్లు మళ్లీ తెరవకముందే పోయాడు. తాగి తాగి పోయిండన్నారు. మేమూ అదే అన్నాం.

పోయిన ఏడు తమ్ముడు నిచ్చెన మీంచి పడ్డాడు. వాడిది కరెంటు పని, వయసు ముప్పై ఆరు. అవ్వ ఫోన్ చేసింది. "నీ తమ్ముడు గూడ మొదలువెట్టిండు బిడ్డా. మీ బాపు తొవ్వనే పట్టిండు."

తిట్టడానికే బయలుదేరాను, అబద్ధమెందుకు. గడపలో చెప్పులు విడుస్తూ లోపలికి చూశాను. తమ్ముడు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. వాడి బొటనవేలు చూపుడువేలి మీద జారుతోంది. వాడు జన్మలో ఎన్నడూ కాగితాలు లెక్కపెట్టలేదు. దారంతా పేర్చుకున్న తిట్లు పక్కనపెట్టి, వాణ్ని పెద్ద డాక్టరుకు చూపిద్దామని బయలుదేరదీశాను.

హైదరాబాద్‌లో నరాల డాక్టరమ్మ ముందుగా ఒక కాగితం తీసుకుని మా వంశాన్ని గీసింది. మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు గుండ్రాలు.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"తాగుడు వల్ల."

"తాగుతుంటే మీరు చూశారా?"

నేను చూడలేదు. తమ్ముడి వైపు తిరిగాను, వాడూ తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో ఒక్క సీసా దొరికిన రోజు లేదు. తాత గురించి అడిగింది. తాత కాళ్లు నిలవక బావిలో పడి పోయాడని బాపు చెప్పేవాడు, అదీ కల్లు మీదికే నెట్టేశారు. ఆమె ఆ రెండు చతురస్రాలనూ జబ్బు గుర్తుగా పెన్సిలుతో నలుపు చేసింది. ఇంత చదువు చదివిన నాకు పదేళ్లలో 'తాగుతుంటే చూశామా' అన్న ఆ ఒక్క ప్రశ్న తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

నెత్తురు పరీక్షలో తేలింది. హంటింగ్టన్ జబ్బు. జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి అందరికీ కొన్నిసార్లు వరసగా ఉంటుందట, ఈ జబ్బున్నవాళ్లకు హద్దు దాటి ఉంటుంది. మా బడిలో చూచిరాత రాసే పిల్లలు ధ్యాస తప్పి ఒకే మాటను వరసంతా రాసేస్తారు, అలాగన్నమాట. దాంతో మెదడు కొంచెం కొంచెంగా అరిగి నడక, మాట, నిదానం, మింగడం అన్నీ పోతాయి. తండ్రి నుంచి వస్తే ఒక్కోసారి పిల్లల్లో ఇంకా ముందే బయటపడుతుందట. మందులు వేళ్లను కొంత ఆపుతాయి, జబ్బును ఆపవు. ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. "మీరూ పరీక్ష చేయించుకోవచ్చు, తొందరేం లేదు, బాగా ఆలోచించుకోండి" అంది నాతో. ఆ పూట నా గుండ్రం సంగతి నాకు పట్టలేదు.

తిరుగు రైల్లో తమ్ముడు అన్నాడు, "అవ్వకు చెప్పకక్కా. బాపు సంగతి తెలిస్తే తట్టుకోదు."

"చెప్పకపోతే నీ మంచం వరండలకు వోతది రా."

"పోనీ. ఆడ గాలి మంచిగొస్తది" అని నవ్వాడు. నవ్వుతుంటే పెదవి వంకర పోయింది.

నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. చెబితే అవ్వ పోతుంది, చెప్పకపోతే తమ్ముడు బాపులాగే పోతాడు. ఇల్లు చేరేసరికి వరండా గోడ మీద స్టీలు పళ్లెం బోర్లించి ఉంది. అది తమ్ముడిది. ఇక ఆలోచించడానికేం మిగల్లేదు.

అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. బాపు తాగలేదని, తమ్ముడూ తాగడం లేదని, అది నెత్తురులో వచ్చిన జబ్బని. ఆమె చెయ్యి ఆగింది.

"మరి ఒప్పుకుండు గద బిడ్డా. అందరి ముంగట నిలవడి సదివిండు గద."

"అది నేను రాసిచ్చిన అవ్వా. ఒప్పుకుంటే నువ్వు మాట్లాడ్తవని ఒప్పుకుండు."

అవ్వ ఏడవలేదు. చాట పక్కన పెట్టి, వరండాలోకి వెళ్లి ఆ పళ్లెం తెచ్చి కడిగింది. అన్నం పెట్టి తమ్ముణ్ని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. వాడి చేతిలో ముద్ద నిలవక పప్పు చొక్కా మీద పడింది. ఆమె పళ్లెం తన ఒళ్లోకి తీసుకుని, అన్నం మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టింది. వాడు మెల్లగా మింగాడు. సగం పళ్లెం అయ్యాక, నా వైపు చూడకుండానే అడిగింది.

"మీ బాపు గూడ గిట్ల వెడితే తింటుండెనా?"

"తింటుండె అవ్వా" అన్నాను.