ఎట్లొచ్చింది?

కొత్తకోటలో బస్సు ఆగగానే కిటికీలోంచి బెల్లంపాకం వాసన వచ్చింది. ఎవరో పల్లీపట్టీలు అమ్ముతున్నారు. పక్కసీటాయన ఒకటి తీసుకోమంటే వద్దన్నాను. ఆ వాసనకు నాకు సుశీలమ్మ టీచర్ గుర్తొస్తారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాన్‌గల్ దగ్గర ఒక ఊరి బడిలో నా తొలి ఉద్యోగం. పక్క గది ఆమెది. పిల్లలు చెప్పింది తప్పయినా ఒప్పయినా ఆమె అడిగేది ఒకటే: "ఎట్లొచ్చింది బిడ్డా?" ఒక్క లెక్కకే పీరియడు గడిచిపోయేది. ఇట్లయితే పాఠాలెప్పుడు పూర్తవుతాయని నేను లోలోపల నవ్వుకునేవాణ్ని. నా తరగతిలో సరైన జవాబుకు ఒక పల్లీపట్టీ ఇచ్చేవాణ్ని. మొదట్లో అన్ని చేతులూ లేచాయి. తర్వాత తేలిక లెక్కలకే లేచాయి. రానివాళ్లు పక్కవాడి పలక చూసి రాసేవారు. ఒకనాడు పట్టీల డబ్బా ఖాళీ అయితే, ముందు వరుస పిల్ల అడిగింది, పట్టీ లేకుంటే ఇక లెక్కెందుకు సార్ అని. తరగతంతా నవ్వింది, గోడ అవతలికి వినబడేంతగా. మధ్యాహ్నం సుశీలమ్మ టీచర్ మెల్లగా అన్నారు:

"తమ్మీ, పిల్లలు లెక్కను చూస్తలేరు. నీ డబ్బాను చూస్తుండ్రు."

ఆ పూట నన్ను తన తరగతిలో వెనక కూర్చోబెట్టుకున్నారు. ఒక పిల్లవాడు యాభైరెండులోంచి ముప్పైఎనిమిది తీసేసి ఇరవైఆరు అని రాశాడు. నేనైతే తప్పని కొట్టేసి ముందుకు పోయేవాణ్ని. ఆమె ఎట్లొచ్చిందని అడిగారు.

"ఎనిమిదిలకెంచి రెండు తీస్తే ఆరు టీచర్. పెద్దదాంట్లకెంచే గద తీసేది?"

నా తరగతిలోనూ ఇదే తప్పు ఎన్నిసార్లో చూశాను. దాని వెనక ఇంత ఆలోచన ఉందని నాకు తెలియదు. ఆమె వాడికి పల్లీలు పోసి, లెక్కబెట్టి తీయమన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. వాడే పలక తుడుచుకుని పద్నాలుగు అని రాశాడు. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి వాడు పదిని విడదీసి చెప్పాడు. పొగడ్తా లేదు, పట్టీ లేదు.

"ఇంకోటియ్యి టీచర్" అన్నాడు.

కొన్నేళ్లకు వనపర్తిలో టీచర్ల శిక్షణలో ఈ పద్ధతి గురించి నేనే మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక కుర్ర టీచరు, మీకిది ఎట్లొచ్చింది సార్ అని అడిగాడు. వెనక వరుసలో సుశీలమ్మ టీచర్ కూర్చుని ఉన్నారు. నేను "అనుభవంతో" అన్నాను.

బయట చాయ్ తాగుతూ ఆమె నా పక్కకు వచ్చారు.

"మంచిగ జెప్పినవ్ తమ్మీ. గని జవాబొక్కటే జెప్పినవ్, దారి జెప్పలే."

ఆ తర్వాత ఆ పద్ధతి నా పేరు మీదే చలామణి అయింది. పిల్లలు నన్ను "ఎట్లొచ్చింది సార్" అని పిలుచుకుంటారు. నేను ఎవరికీ సరిదిద్ది చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేరు.

మొన్న ఒక పాప లెక్క చేసి, నా ప్రశ్నకు ఓపికగా దారంతా చెప్పింది. చెప్పి, గిట్ల అడుగుడు మీకెవరు నేర్పిండ్రు సార్ అంది. సుశీలమ్మ టీచర్ అన్నాను. ఆమెవరని పిల్లలంతా అడిగారు. సుద్దముక్క పక్కన పెట్టి మొదలుపెట్టాను, పట్టీల డబ్బా దగ్గరి నుంచి. గంట కొట్టేసరికి బోర్డు మీద లెక్క సగంలోనే ఉంది.