కళ్ళంలో కుర్చీ

"కళ్ళంలో కుర్చీ వేసుక్కూర్చోడానికి నేనేమన్నా కాయ కొనడానికొచ్చిన షావుకారునా? తీసెయ్ దాన్ని!" అన్నాను.

"తియ్యను. రేపు పొద్దున కూలోళ్ళొచ్చేసరికి మీరు దాంట్లోనే కూర్చోవాలి. డాక్టరు గారు కింద కూర్చోవద్దన్నారా లేదా?" అంది మా కోడలు.

"ఆయనకేం, చెప్తాడు. ఏనాడన్నా తాలుకాయ ఏరిన మనిషా?"

"మీరు జన్మంతా ఏరారుగా! అందుకే మోకాళ్ళట్టా అయినయ్."

"మోకాళ్ళకేం, బాగైనయ్. ఆసనాలు వేస్తున్నాగా."

"బాగైతే మొన్న చింతపండు జాడీ మూత కింద పడితే నన్నెందుకు పిలిచారు?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందనీ, మా అత్తగారి ముందు నేను తలెత్తి మాట్లాడలేదనీ అందుకున్నాను. కోడలు అంతా విని, చేతిలో ఉన్న చీపురు గోడకి ఆనించింది.

"అత్తయ్యా, ఇన్నాళ్ళూ ఆసనాల క్లాసులో కళ్ళు మూసుకుని మేస్టారు చెప్పినట్టల్లా చేశారుగా. భూమిని తల్చుకున్నారు, గేదెని తల్చుకున్నారు, పోయిన మీ అమ్మని తల్చుకున్నారు. ఒక్కరోజన్నా నేను గుర్తొచ్చానా?"

వరండాలో నవారు మంచం మీదున్న మా అబ్బాయి రేడియో సౌండు పెంచాడు.

ఈ గొడవ వెనకాల ఏడాది కథ ఉంది. అది చెప్తేగానీ ఇది అర్థం కాదు.

మాది అద్దంకి రోడ్డు మీద మిరపా పత్తీ పండే ఊరు. మిరపకాయ కోశాక ఊరి బయట చదును చేసిన కళ్ళంలో పట్టాలు పరిచి ఎండబోస్తాం. ఎండిన కాయలో తెల్లబడ్డవీ మచ్చపడ్డవీ తాలు. వాటిని ఏరి పక్కన పడెయ్యాలి, లేకపోతే గుంటూరు యార్డులో సరుకంతటికీ ధర పడిపోతుంది. ఆడవాళ్ళం వరసగా గొంతుక్కూర్చుని, ముఖానికి గుడ్డలు కట్టుకుని ఏరతాం. ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే. ఎవరింట్లో ఏం వండారో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, కళ్ళంలో కూర్చోని మనిషికి ఏదీ తెలియదు. కళ్ళంలో కుర్చీ వేసేది కొనడానికొచ్చిన వ్యాపారికి, అదీ మర్యాద కోసం. ఇంటి మనిషి కుర్చీలో కూర్చుందంటే ఇక ఈమె పని అయిపోయిందని అర్థం.

ఈ గొడవకి ముందేడు కళ్ళం పని చివరికొచ్చేసిన రోజున, కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. ఇద్దరు కూలిమనుషులొచ్చి చెరో రెక్కా పట్టుకుని, మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాని లేపినట్టు లేపారు. వాళ్ళు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చిలకలూరిపేట డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, ఇక కింద కూర్చోవద్దమ్మా అన్నాడు. దాంతో తాలు ఏరడం పోయింది. గేదె దగ్గర కూర్చుని పాలు తీయడం పోయింది. ఆ పనీ కోడలి నెత్తినే పడింది.

కోడలు అప్పటికే నడుం నొప్పని హైస్కూలు వరండాలో ఆసనాల క్లాసుకి పోతుండేది. టీవీలో పొద్దున్నే ఆసనాలు చూపించడం అప్పుడప్పుడే మొదలైంది. ఊరంతా ముక్కులు మూసుకుని కూర్చునేవాళ్ళు. "పత్తి తీసే మనిషికి ఇంకా ఒంగడం నేర్పాలా?" అనేదాన్ని. కానీ ఆ రెక్కలు పట్టి లేపడం మనసులోంచి పోలా. నేర్పేది డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఊరికే చెప్తారని తెలిశాక ఒకరోజు కోడలి వెనకాలే వెళ్ళాను.

కిటికీ ఊచలు పట్టుకుని మెల్లగా కూర్చుంటున్నట్టు ఒంగమన్నారు. మొదట్లో బల్ల ఎత్తు దాకానే దిగగలిగాను. వానాకాలం పోయేసరికి ముక్కాలిపీట ఎత్తు దాకా దిగాను. "నొప్పెడితే ఆగండమ్మా, పంతం పట్టొద్దు" అనేవారు మేస్టారు, ఎవరో నా గురించి ముందే చెప్పినట్టు. ఎవరో ఏంటి, మా కోడలే చెప్పుంటుంది.

క్లాసు చివర కళ్ళు మూయించి, మీకు మేలు చేసినవాళ్ళని ఒకర్ని తల్చుకోండి అనేవారు. ఇది మాకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. కళ్ళంలో అడుగుపెట్టే ముందు చెప్పులు బయట విడిచి, నేలని తాకి కళ్ళకద్దుకుంటాం. చాటకి కాలు తగిలితే అద్దుకుంటాం. నేను చదివింది మూడో క్లాసే అయినా ఆ మాత్రం తెలుసు. అందుకని భూమిని తల్చుకునేదాన్ని. నేను కూర్చునే బల్ల పక్కనే ఉండే సాయిబుల పిల్ల ఊళ్ళో జాకెట్లు కుడుతుంది, వేళాకోళం మనిషి. ఒకరోజు ఒక కన్ను తెరిచి, "పిన్నీ, ఇవాళెవరిని తల్చుకున్నావ్?" అంది.

"మా గేదెని."

"మరి గేదె కూడా నిన్ను తల్చుకుంటుందంటావా?"

"కుడితిలో చిట్టు వేసేటప్పుడు తల్చుకుంటుంది. నువ్వు కళ్ళు మూసుకో."

ఆ వరండా మొత్తం నవ్వింది. మేస్టారు కూడా. ఇంట్లోవాళ్ళని తల్చుకోవడం మాత్రం నాకు తోచలేదు. మంచినీళ్ళిచ్చిన కూతురికి థాంక్సు చెప్తామా? అది పరాయివాళ్ళకి చెప్పే మాట.

ఇక పట్టా సంగతి. కింద పరుచుకోడానికి ఒకటి కొనుక్కోమన్నారు మేస్టారు. టౌన్లో రబ్బరువి దొరుకుతాయట. ఇంటినిండా మిరపకాయలు ఎండబోసే పట్టాలుంటే ఇంకోటి ఎందుకు? ఒక నీలం పట్టా తీసి, కుంకుడు రసంతో రెండుసార్లు రుద్ది కడిగి, ఆరేసి, తెల్లారకముందే డాబా మీద పరిచాను. పిట్టగోడ పట్టుకుని మెల్లగా ఒరిగి, బోర్లా పడుకుని, ఛాతీ పైకెత్తి, మేస్టారు చెప్పినట్టు గుండెల నిండా గాలి పీల్చాను.

మిరప ఘాటు కడిగితే పోయేదైతే గుంటూరు మనుషులు ఇంకోలా ఉండేవాళ్ళు. ముక్కూ గొంతూ కళ్ళూ ఒక్కసారే మండినయ్. దగ్గు, తుమ్ము, ఏది ఏదో తెలియలా. గేదె దగ్గర్నుంచి కోడలు పాల చేతులతోనే పరిగెత్తుకొచ్చి, నన్నూ పట్టానీ చూసి, మెట్ల మీద కూలబడి నవ్వింది.

"నవ్వితే నవ్వావుగానీ, ముందు నీళ్ళు తే!" అన్నాను.

తెచ్చింది. కళ్ళు కడిగి, మజ్జిగ తాగించి, పట్టా మడిచి తీసుకుపోయింది. వారం తిరక్కుండా పాత చీరలు నాలుగు పొరలు వేసి నాకు బొంత కుట్టింది. అంచులకి ఎర్ర జాకెట్టు గుడ్డ కూడా వేసింది. నేను అటూ ఇటూ తిప్పి చూసి, దారం ఎక్కువ వాడావన్నాను.

ఇదీ వెనకటి కథ. మళ్ళీ కాయ కోతకొచ్చింది, కళ్ళం నిండింది. తెల్లారితే తాలు ఏరడం మొదలు. నేను వెళ్ళి అందరితో పాటు కింద కూర్చోవాలని ఏడాదంతా ఎదురుచూస్తే, ఆ సాయంత్రం మా కోడలు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుపోయి కళ్ళంలో వేసొచ్చింది. ఒక్కరోజన్నా నేను గుర్తొచ్చానా అని ఆమె అడిగింది అప్పుడే.

"రోజూ ఎదురుగా తిరిగే మనిషిని తల్చుకునేదేంటి?" అన్నాను.

"గేదె కూడా ఎదురుగానే తిరుగుద్ది."

"అది పాలిస్తుంది."

"ఆ పాలు తీసేదెవరు?"

తనే మళ్ళీ అంది: "కోతలు మొదలైన కాణ్ణుంచి నేను క్లాసు మొహం చూశానా? పాలు తియ్యాలి, కూలోళ్ళకి కూర వండాలి. మిమ్మల్ని మాత్రం రోజూ పంపాను. నా నడుం విరిగినా అడిగేవాళ్ళు లేరు. మీరు మళ్ళీ కింద కూర్చుని మంచం పడితే ఆ చాకిరీ కూడా నాదేగా! అందుకే వేశాను కుర్చీ. మీ పరువు తియ్యడానికి కాదు."

కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. కాసేపటికి కంచాలు పెట్టింది. వంకాయ కూర, రోటి పచ్చడి. తిన్నాం. కూరలో ఉప్పు సరిపోయింది, ఆ మాటన్నా చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, కోడలు లేవకముందే నేను పాల చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. దూడని విప్పి, కాసేపు తాగనిచ్చి, పక్కన కట్టేశాను. గుంజ పట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకున్నట్టే మెల్లగా దిగాను. ముక్కాలిపీట ఎత్తు దాటాక ఎడమ మోకాలు చురుక్కుమంది. ఆగాను. ఊపిరి పీల్చుకుని ఇంకాస్త దిగాను. కూర్చున్నాను.

గేదె వెనక్కి తిరిగి చూసి, అడుగు పక్కకేసింది. దాన్ని దూడప్పట్నుంచీ పెంచింది నేను. అయినా ఏడాదిగా ఇంకో చేతికి అలవాటు పడింది, పాలు చేపలేదు. పొదుగు నిమిరి, మళ్ళీ దూడని వదిలి, మళ్ళీ కూర్చోవాల్సొచ్చింది. అప్పుడు చేపింది. రోజూ వచ్చే పాలు రాలేదు, చెంబు మూడొంతులు నిండింది. గుంజ పట్టుకుని లేచాను. ఎవరూ లేపలేదు.

కొట్టం గుమ్మంలో కోడలు జుట్టు ముడేసుకుంటూ నిలబడుంది.

"అత్తయ్యా!"

"అరవకు, గేదె బెదురుద్ది. క్లాసు టైమైంది, పో."

"మరి కూర?"

"నేను వండుతా. బొంత దండెం మీదుంది, తీసుకుపో."

చెంబులోకి చూసి, "పాలు తగ్గినయ్" అంది.

"రేపు ఇస్తుందిలే."

బొంత చంకలో పెట్టుకుని వెళ్ళింది. నేను పొయ్యి వెలిగించి, కూలోళ్ళకి పప్పూ దోసకాయా వండి, క్యారేజీలకి సర్ది కళ్ళానికి వెళ్ళాను. చెప్పులు విడిచి, నేలని తాకి కళ్ళకద్దుకున్నాను. వరసలో కింద కూర్చుని కాసేపు ఏరాను. మోకాళ్ళు లాగడం మొదలెట్టాక లేచి, కుర్చీ వరస దగ్గరికి జరుపుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని ఏరాను. కబుర్లు సాగుతూనే ఉన్నయ్. ఎండెక్కుతుండగా కోడలొచ్చింది. కుర్చీలో ఉన్న నన్ను చూసి, ముఖానికి గుడ్డ కట్టుకుని, నా పక్కనే కింద కూర్చుంది.