గొట్టంలో చేపల పులుసు

పక్షవాతం వచ్చాక నాన్నగారికి మింగుడు పడటం పోయింది. గుక్కెడు నీళ్ళు తాగినా పొలమారేది. ముక్కులోంచి వేసిన గొట్టాన్ని మూడుసార్లు పీకి పారేశారు. అమలాపురంలో డాక్టరు, "పెద్ద ఆపరేషనేం కాదండీ. నోట్లోంచి కెమెరా పంపి చూసుకుంటా, పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టేస్తాం" అన్నారు. అరగంటలో అయిపోయింది. రెండు రోజులుండి కొత్తపేట వచ్చేశాం.

గొట్టంతో ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా నాన్నగారితోనే. మా ఇంట్లో ఆయన ప్రార్థన చేయందే ఎవరం కంచంలో చెయ్యి పెట్టం. బడిపంతులు కదా, అది ముగిసేసరికి కూర చల్లారిపోతుందని చాటుగా నవ్వుకునేవాళ్ళం. అలాంటి మనిషి, నేను సిరంజితో జావ పోస్తుంటే గోడవైపు తిరిగిపోయేవారు. ప్రార్థన చేయమంటే, ముద్దముద్దగా వచ్చే మాటల్తో, "ఏం తిన్నానని చెప్పనమ్మా స్తోత్రం?" అన్నారు. వారం తిరిగేసరికి, గొట్టం మూత తీయబోతే చెయ్యి అడ్డం పెట్టడం మొదలెట్టారు. ఆకలితోనే పోవాలని నిర్ణయించుకున్నారేమోనని భయం వేసింది నాకు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గొట్టం మూసుకుపోయి ఉంది. పక్కన గిన్నె, పాత చీర గుడ్డ పట్టుకుని అమ్మ. ప్రతి ఆదివారం మా ఇంట్లో వండే చేపల పులుసే, కారం లేకుండా కాచి, వడగట్టి పోసిందట.

"మతి పోయిందా నీకు? నాలిక్కి తగలనిదానికి పులుసైతేనేం, జావైతేనేం?" అని అరిచాను.

"ఆదివారం అని ఆయనకి తెలియద్దేంటే?" అంది.

గోరువెచ్చని నీళ్ళు మెల్లగా ఎక్కించి, వెనక్కి లాగి, మళ్ళీ ఎక్కించి లాగితే చింతపండు పీచు ఒకటి బయటికొచ్చింది. నా కోపం ఇంకా దిగలేదు. అంతలో నాన్నగారు గట్టిగా త్రేన్చారు. కళ్ళు మూసుకుని నోట్లో నాలుక కదిపి చూసుకున్నారు.

"ఉప్పు తక్కువేసేవు" అన్నారు అమ్మతో.

"ఆయ్, ఈసారి చూసి వేస్తానండి" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. నాకే కళ్ళు కనబడలేదు.

సాయంత్రం జావ తెచ్చి మూత తీయబోయాను. నాన్నగారు మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టారు. నా ప్రాణం ఉసూరుమంది. తలెత్తి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. సిరంజి పట్టుకుని అలాగే నిలబడ్డాను. జావ పూర్తిగా చల్లారిపోయింది.