నిలువీత మాన్పించిన సులోచనక్క

సిమెంటు గట్టు మీద సీసం బిళ్ల పడితే ఠంగుమని మోగదు, దబ్బుమంటుంది. ఆ చప్పుడు వింటే ఇవాళ్టికీ నా గుండె గుభేలుమంటుంది. మొన్న హిందూపురంలో నేను డైవింగు నేర్పే ఈతకొలను దగ్గర అదే జరిగింది. కదిరి నుంచి వచ్చిన ఒక సన్నటి అమ్మాయి, నా అంతే పొట్టిది, నీళ్లలో మునగడానికి కట్టుకునే నడుము పట్టీకి బిళ్లల మీద బిళ్లలు ఎక్కించుకుంటూ ఒకటి చేయి జార్చింది. "అన్నెందుకే తల్లీ?" అన్నాను. "బరువు లేను కదా మేడమ్, తేలిపోతా" అంది. చాలా ఏళ్ల కిందట, ఇదే గట్టు మీద, అక్షరం పొల్లు పోకుండా ఆ మాటే నేను సులోచనక్కతో అన్నాను.

సులోచనక్కది పెనుకొండ. అండమాన్‌లో ఏళ్ల తరబడి సముద్రం అడుగున డైవింగు నేర్పి, ఉన్నట్టుండి అన్నీ వదిలేసి వచ్చి ఈ కొలనులో పాఠాలు మొదలుపెట్టింది. ఎందుకు వచ్చేసిందో ఎవరికీ చెప్పలేదు. నడుము లోతు దాటి నీళ్లలోకి దిగేది కాదు, తల తడవనిచ్చేది కాదు. జుట్టు పాడవుతుందని కాబోలు అని మేం చాటున నవ్వుకునేవాళ్లం. ఇక నాది ధర్మవరం, మగ్గం ఇల్లు. సముద్రం మొహం ఎరగని ఊరి నుంచి డైవింగు పని మీద ఆశ పెట్టుకున్నదాన్ని. "గాలి సిలిండరును నువ్వు మోస్తావా, నిన్ను సిలిండరు మోస్తుందా?" అని ఎగతాళి చేయనివాళ్లు లేరు. పరీక్ష నెగ్గితే అండమాన్‌లో పని ఇప్పిస్తానని అక్క మాటిచ్చింది. నా ఆశంతా ఆ ఒక్క మాట మీదే.

మొదటి రోజు నీళ్ల అడుగున ఎంత తన్నినా ముందుకు పోలేదు. కాళ్లు కిందికి, తల పైకి. పైకి రాగానే అక్క అడిగింది.

"ఈత యాడ నేర్చుకున్యావు?"

"మా మామ చేనికాడ బావిలో అక్కా."

"అదీ సంగతి! నిలువీత. బావిలో పక్కలకు చోటుండదు, వెలుతురేమో పైన. అందుకే నిలబడి ఆకాశం చూస్తాండావు. నువ్వింకా బావిలోనే ఉండావు మే!"

అని నా పట్టీలోంచి సీసం ఒక్కొక్కటే లాగి గట్టు మీద పడేయసాగింది. దబ్బు, దబ్బు. "వద్దు, బరువు లేను కదా అక్కా, తేలిపోతా!" అని మొత్తుకున్నాను. "ఊపిరి బిగబడితే ఎవురైనా తేలతారు. మొత్తం వదిలెయ్, దిగకపోతే నన్నడుగు" అంది. మిగిలినవి రెండే. వాటిలో ఒకటి నడుము నుంచి తీసి సిలిండరు మెడకు కట్టింది. "చిన్న ఒంటికి సీసమంతా నడుం కాడ కడితే కాళ్లు కిందికి ఈడ్చుకపోతాయి. బరువు పైకి జరుపు, కాళ్లు అవే లేస్తాయి. గడ్డం దించి కింద చూడు." ఊపిరి వదిలాను. అమ్మో, నిజంగానే దిగాను! కాళ్లు వాటంతటవే లేచాయి. చాప మీద బోర్లా పడుకున్నట్టు నీళ్లలో పడుకున్నాను. ఇది నా ఒళ్లేనా అనిపించింది.

పరీక్ష పెనుకొండ దగ్గర నీళ్లు నిండిన పాత రాతి క్వారీలో. సామాను తెచ్చిన బెంగళూరు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంత సన్నగుండావు, దిగేదెట్లమ్మా?" అంటూ బిళ్లలు ఎక్కించాడు. "అక్క రెండే చాలన్నారు సార్" అన్నాను. "అది కొలనులో" అన్నాడు. ఆయనది ఉప్పునీళ్ల లెక్క. మంచినీళ్లలో మనిషి తేలేది ఇంకా తక్కువ, సీసమూ తక్కువే చాలు. అక్క అవతలి ఒడ్డున తాడు కట్టిస్తోంది, చూడలేదు.

దూకాను. అంతే, రాయిలా పోయాను. అడుగున మోకాళ్లదాకా బురద, కళ్లముందు కటిక చీకటి. నా కొలతది కాని, పైకి తేల్చే గాలి జాకెట్టు చెవుల మీదికి ఎక్కింది. గాలి నింపే మీట చేతికి అందలేదు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. నిలబడి, పైకి చూస్తూ, నిలువీత తన్నడం మొదలుపెట్టాను. తన్నేకొద్దీ బురద లేచింది. అయిపోయింది, ఇక నాయన మొహం చూడను అనుకున్నాను.

ఎవరిదో చేయి నా నడుము తడిమింది. పట్టీ ఊడింది. ఊపిరి వదలమని నా పొట్టలో గుద్దుతూ పైకి లాగింది; బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు పగులుతాయి మరి. వెలుతురులోకి వచ్చాక చూస్తే అక్క! సిలిండరు లేదు, కళ్లకు అద్దం లేదు, నా బుడగలు చూసి వేసుకున్న బట్టలతోనే దూకింది. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

"అక్కా, రక్తం!"

"రాయి గీసుకునిందిలే."

హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు కేకలేశాడు. "ఈ చెవికి ఆపరేషన్ అయిందని తెలుసు కదమ్మా! లోతుకు దిగితే వినికిడి పోతుందని తెలిసి కూడా దిగినావా?" అండమాన్ ఎందుకు వదిలిందో, తల ఎందుకు తడవనివ్వదో అప్పుడు తెలిసింది. మేం నవ్వింది దీన్ని చూసా?

"తెలిసి ఎందుకు దిగినావక్కా?" అని ఏడ్చాను. ఆమె తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టింది. "గట్టిగా చెప్పు... ఏం చేసేది మే? నువ్వు బావిలో ఉంటివి. తియ్యల్లా, వద్దా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బెంగళూరు ఆయన్ను కొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆ చెవి మళ్లీ వినలేదు. తర్వాత పరీక్ష నెగ్గాను, అండమాన్‌లో పనిచేశాను, అక్కకు ఒంట్లో ఓపిక తగ్గాక ఈ కొలను నేనే తీసుకున్నాను. ఆమె జ్వరంతో పోయేదాకా, ఏం చెప్పాలన్నా చుట్టూ తిరిగి కుడిపక్కకు వెళ్లి చెప్పేదాన్ని.

మొన్న ఆ కదిరి అమ్మాయి దగ్గరికి కూడా అలాగే వెళ్లాను. ఆమె వింతగా చూసింది. "ఈ పక్కనే ఉంటిరి కదా మేడమ్, అట్ల చుట్టూ తిరిగి ఎందుకొస్తిరి?"

వంగి, గట్టు మీద పడ్డ బిళ్ల తీసి పక్కన పెట్టాను.

"ముందు ఆ సీసం తియ్యి" అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.